మొదట్లో ఎవరైతేనేం?

ఆదివారం పొద్దున మన బడిలో పిల్లలు లోపల గుణింతాలు వల్లె వేస్తూ ఉంటే, బయట వరండాలో అమ్మానాన్నల క్లాసు ఒకటి నడుస్తూ ఉంటుంది. దానికి టీచరు లేరు, సిలబస్ లేదు, హాజరు మాత్రం నూటికి నూరు. ఇండియా టిక్కెట్ల ధరలు, ఇంటి లోను వడ్డీలు, లెక్కల క్లాసులు, ఈత క్లాసులు అయ్యాక మాట తప్పకుండా పియానో మీదికి వస్తుంది.

"మీ పాప ఎక్కడ నేర్చుకుంటోందండీ?"

"మా వీధి చివర ఒకావిడ ఉన్నారండీ. నడిచి వెళ్ళొచ్చు."

"బాగా చెబుతారా?"

"ఏమోనండీ, ఇంకా మొదలే కదా! మొదట్లో ఎవరైతేనేం? కాస్త చెయ్యి తిరిగాక మంచి టీచరు దగ్గర చేరుస్తాం."

ఈ చివరి మాట ఈ వరండాలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనేవాళ్ళు పిల్లల్ని పట్టించుకోని వాళ్ళేం కాదు. సోనా మసూరి బస్తా కోసం మూడు కొట్లు తిరిగేవాళ్ళే, కారు కొనే ముందు మూడు నెలలు వివరాలు సేకరించేవాళ్ళే. నా పేచీ అల్లా ఆ ఒక్క మాటతోనే. మంచి టీచరు కావలసింది మొదట్లోనే. కాస్త పొడిగించి చెప్పమంటే, మొదటి రెండేళ్ళు మంచి చేతుల్లో పడితే ఆ తర్వాత ఎవరైనా ఫరవాలేదు అంటాను.

నేను ఈ బడిలో మొదటి తరగతికి అక్షరాలు నేర్పేవాళ్ళలో ఒకదాన్ని. ఇంట్లో ఇద్దరు పిల్లలు పియానో నేర్చుకుంటున్నారు. ఈ రెండు పనులూ పక్కపక్కన చూస్తూ ఉండటం వల్ల వచ్చిన అభిప్రాయం ఇది. నేను సంగీత విద్వాంసురాలిని కాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మన మొదటి తరగతి సంగతే చూడండి. కొత్తగా వచ్చిన పిల్లకి తెలుగు పాట నేర్పాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చేయడం. నెల తిరక్కుండా ఆ పిల్ల వార్షికోత్సవంలో కాయితం చూసి గడగడా పాడేస్తుంది. చప్పట్లు, వీడియోలు, అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపడాలు, అంతా బ్రహ్మాండం. రెండో దారి, అ ఆలు దిద్దించి, తలకట్టు దీర్ఘం చెప్పి, 'ల'కీ 'ళ'కీ తేడా నోటితో పలికించి, నెమ్మదిగా ఆ పాటని పిల్లే చదువుకునేలా చెయ్యడం. దీనికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ చూపించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మనం రెండో దారే ఎందుకు పట్టుకున్నామో మీకు నేను చెప్పక్కర్లేదు.

పియానోలో కూడా అచ్చం ఈ రెండు దారులే ఉన్నాయి. పుస్తకంలో అయిదు గీతల మీద ఉన్న ప్రతి నోటు పైనా పెన్సిలుతో ఎ, బి, సి, డి అని రాసి ఇచ్చే టీచర్లున్నారు. కింద ఏ వేలితో నొక్కాలో అంకె కూడా వేస్తారు. పిల్ల ఆ అక్షరాలు చూసి టకటకా నొక్కేస్తుంది. మూడో వారానికే ఇంట్లో 'ట్వింకిల్ ట్వింకిల్' మోగుతుంది. మనకి ఆనందం. కానీ ఆ పిల్ల కళ్ళు గీతల్ని ఒక్కసారి కూడా చూడలేదు! రెండేళ్ళ తర్వాత అక్షరాలు రాయని కొత్త పేజీ ముందు పెడితే, ఇంగ్లీషు అక్షరాల్లో పాట పాడిన పిల్ల ముందు పెద్ద బాలశిక్ష పెట్టినట్టే ఉంటుంది.

చేతి సంగతి ఇంకా సున్నితం. ఆరేళ్ళ పిల్ల పియానో ముందు కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడతాయి. కాళ్ళ కింద ఆసరా లేకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే భుజాలు పైకి లేస్తాయి, భుజాలు లేస్తే మణికట్టు బిగుస్తుంది. మంచి టీచరు మొదటి రోజే ఒక చిన్న పీట తెచ్చి కాళ్ళ కింద పెడతారు. కుర్చీ ఎత్తు సరిచేస్తారు. చేతిని వదులుగా పైకెత్తించి, బరువంతా వేలి కొసల్లోకి దిగేలా మెట్ల మీద వాలనిస్తారు. చూసేవాళ్ళకి ఇదంతా ఆటలాగా ఉంటుంది, 'ఇంకా పాటేమీ మొదలుపెట్టలేదే' అని అసహనంగా కూడా ఉంటుంది. బిగుసుకుపోయిన చెయ్యి ఆరేళ్ళప్పుడు ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అప్పటి పాటలన్నీ నెమ్మదివి. పదేళ్ళకో పదకొండేళ్ళకో వేగంగా పరిగెత్తే పాటలొచ్చినప్పుడు బయటపడుతుంది, ఒక్కోసారి నొప్పి రూపంలో. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు.

'అప్పుడే మంచి టీచరు దగ్గర చేర్చి సరిచేయిస్తాం' అంటారు మన వాళ్ళు. చేయించవచ్చు. కానీ అప్పుడు జరిగేది ఇది. నాకు తెలిసిన ఒక కుర్రాడు నాలుగేళ్ళు ఒక చోట నేర్చుకున్నాడు. రిసైటల్స్‌లో పెద్ద పెద్ద పాటలే వాయించాడు. తర్వాత అమ్మానాన్నలు వెతికి వెతికి పేరున్న టీచరు దగ్గర చేర్చారు. ఆవిడ ఒక పాఠం విని, ఏ మాటా అనకుండా, మొదటి పుస్తకం మళ్ళీ తెరిచారు. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పనే. అయితే ఇంట్లో వాడి ఆరేళ్ళ చెల్లెలు అప్పుడు వాయిస్తున్నది కూడా ఆ పుస్తకమే. పదకొండేళ్ళ పిల్లాడికి అంతకంటే అవమానం ఏముంటుంది? ఆరు నెలల్లో మానేశాడు. మానేశాడన్నది కూడా కాదు నాకు బాధ కలిగించింది. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు పియానో వైపు చూసి, "నాకు మ్యూజిక్ రాదు ఆంటీ, ఐ యామ్ నాట్ ఎ మ్యూజిక్ పర్సన్" అన్నాడు. నేర్పడంలో వచ్చిన తేడాని ఆ పిల్లవాడు తన తెలివితక్కువతనం కింద జమ కట్టుకున్నాడు. 'మొదట్లో ఎవరైతేనేం' అన్న మాటకి వడ్డీ కట్టేది పిల్లలే.

సరే, మరి మంచి టీచర్ని ఎలా వెతకాలి? ఇక్కడ ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. అమెరికాలో జుట్టు కత్తిరించడానికి లైసెన్సు కావాలి గానీ ఇంట్లో పియానో పాఠాలు చెప్పడానికి అక్కర్లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అలా పెట్టుకున్నవాళ్ళలో ఆణిముత్యాలూ ఉంటారు, పక్కింటి హైస్కూలు పిల్లలూ ఉంటారు. అందుకని సంగీతోపాధ్యాయుల సంఘాల్లో సభ్యత్వం ఉందా అని అడగడం తప్పేం కాదు. దేశం మొత్తానికి మ్యూజిక్ టీచర్స్ నేషనల్ అసోసియేషన్ 1876 నుంచీ ఉంది. మన కాలిఫోర్నియాకి విడిగా 1897లో మొదలైన రాష్ట్ర సంఘం ఉంది. వాళ్ళ సభ్యుల వివరాలు ఊరి పేరుని బట్టి వెతుక్కోవచ్చు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన మంచి టీచరని కాదు, కానీ వెతకడం మొదలుపెట్టడానికి అదొక చోటు.

ఇంకో భ్రమ కూడా మనలో ఉంది. గొప్పగా వాయించేవాళ్ళు గొప్పగా నేర్పుతారని. కచేరీ చెయ్యగలగడం ఒక విద్య, ఆరేళ్ళ పిల్లకి 'పావు' అంటే ఏమిటో తెలియని రోజుల్లో తాళం నేర్పడం ఇంకో విద్య. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పియానో నేర్పడం అనేదాన్నే ప్రత్యేక శాస్త్రంగా చదివి డిగ్రీ తీసుకున్నవాళ్ళుంటారు. చిన్నపిల్లలకి అలాంటి వాళ్ళు దొరికితే, గోడ మీద ఎన్ని బహుమతుల ఫోటోలున్నాయో చూడక్కర్లేదు.

గోడ మీది ఫోటోలంటే గుర్తొచ్చింది. మన వాళ్ళు టీచరుకి ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఫీజు గురించి, రెండోది పరీక్షల గురించి. "మీ స్టూడెంట్స్ లెవెల్ టెన్ ఎంతమంది చేశారండీ?" అని. పరీక్షల మీద నాకు కోపం లేదు. మన రాష్ట్ర సంఘం 1933 నుంచి నడుపుతున్న సర్టిఫికేట్ ఆఫ్ మెరిట్ పరీక్ష నిజానికి చక్కని ఏర్పాటు. అందులో వాయించడం ఒక్కటే కాదు, థియరీ, చేతి సాధన, అప్పటికప్పుడు కొత్త పేజీ చూసి వాయించడం, చెవితో విని గుర్తుపట్టడం అన్నీ ఉంటాయి. లండన్‌లో ఉన్న మా మరిది పిల్లలు కూర్చునే ఎ.బి.ఆర్.ఎస్.ఎం. గ్రేడులు నడిపే సంస్థ 1889 నాటిది, గ్రేడులు ఎనిమిది మెట్లు. అవీ మంచివే. చిక్కల్లా ఎక్కడంటే, పరీక్షలో వాయించవలసిన రెండు మూడు పాటల్నే పట్టుకుని ఏడాదంతా పిల్లల చేత అరగదీయించడం. పదో తరగతి పబ్లిక్ పరీక్షలకి ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించిన మన ట్యూషన్ మాస్టార్లు గుర్తొస్తారు నాకు. ఏడాదికి మూడు పాటలు వాయించిన పిల్ల కంటే, ముప్ఫై చిన్న చిన్న పాటలు తప్పో ఒప్పో చదువుకుని వాయించిన పిల్లకి చదవడం వస్తుంది. కాబట్టి లెవెల్ టెన్ ఎంతమంది అని అడిగే బదులు, "ఏడాదిలో ఒక పిల్లకి సుమారు ఎన్ని పాటలు చెబుతారండీ?" అని అడిగి చూడండి. జవాబు కంటే, ఆ ప్రశ్న విన్నాక టీచరు గొంతులో వచ్చే మార్పు మీకు చాలా చెబుతుంది. మంచి టీచరైతే హుషారుగా అందుకుంటారు.

అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఏ టీచరైనా ఏడాదికి ఒకటో రెండో రిసైటల్స్ పెడతారు, చర్చి హాల్లోనో పియానోల షాపులోనో. అడిగి, పాప చేరకముందే ఒకసారి వెళ్ళి కూర్చోండి. చివర వాయించే ఆణిముత్యాన్ని చూసి మోసపోకండి. ఆ పిల్ల ఎవరి దగ్గరైనా వాయించేది. మధ్యలో వచ్చే పిల్లల్ని చూడండి, ఆరో వాళ్ళు, ఏడో వాళ్ళు. సాదాసీదా పిల్లలు. వాళ్ళ భుజాలు ఎలా ఉన్నాయి? చెయ్యి వదులుగా ఉందా? తప్పు నొక్కినప్పుడు ఏం చేస్తున్నారు? తప్పు వచ్చినా ఆగకుండా ముందుకు సాగిపోతే ఆ టీచరు ధైర్యం నేర్పుతున్నారన్నమాట. తప్పు రాగానే బెదిరిపోయి టీచరు మొహంలోకి చూస్తే... ఆ చూపు నేను చూశాను, వర్ణించలేను. ఆ హాల్లోంచి నెమ్మదిగా లేచి వచ్చేయండి.

ట్రయల్ పాఠం చాలామంది ఇస్తారు, కొందరు దానికీ ఫీజు తీసుకుంటారు, ఇచ్చేయండి. ఆ అరగంటలో మీరు మూలన కూర్చుని నోరు మెదపకుండా చూడవలసింది ఒకటే: టీచరు పిల్లకేసి చూస్తున్నారా, మీకేసి చూస్తున్నారా? పిల్ల ఏదో ఒక మెట్టు నొక్కి "ఇది ఏనుగులా ఉంది" అంటే, "అయితే ఏనుగు ఎలా నడుస్తుందో చూపించు" అనే టీచరు దొరికితే ఇంక వెతకడం ఆపేయండి.

డబ్బు విషయం చూచాయగా చెప్పి వదిలేస్తాను. ఊరిని బట్టి, టీచరు అనుభవాన్ని బట్టి ఫీజులు మారతాయి. చిన్నపిల్లలకి వారానికి అరగంట చాలు. చాలామంది నెలకింత అని తీసుకుంటారు. పుట్టినరోజు పార్టీకో టీమ్ మ్యాచ్‌కో పాఠం మానేస్తే ఆ డబ్బు తిరిగి రాదు, కొందరు మేకప్ పాఠం కూడా ఇవ్వరు. దాని మీద గొడవపడేవాళ్ళని చూశాను. ఆ అరగంట ఆవిడ మీ పాప కోసం అట్టేపెట్టి ఉంచారు, వేరేవాళ్ళకి ఇవ్వలేదు కదా! రైతు బజారులో వంకాయల దగ్గర చేసే బేరం ఇక్కడ చెయ్యకండి. ఆ నియమాలన్నీ కాయితం మీద రాసి ఇచ్చే టీచరైతే ఇద్దరికీ సుఖం.

ఇక వాయిద్యం. 'ముందు చిన్న కీబోర్డు కొందాం, నేర్చుకుంటుందని నమ్మకం కుదిరాక పెద్దది చూద్దాం' అనేది 'మొదట్లో ఎవరైతేనేం'కి స్వయానా చెల్లెలు. పియానోకి 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. బొమ్మల షాపులో దొరికే 61 మెట్ల కీబోర్డు చాలావాటికి మెట్లు ఈకల్లా తేలిగ్గా ఉంటాయి, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా కొన్నిటిలో ఒకటే శబ్దం. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫొరి అనే ఆయన ఈ వాయిద్యాన్ని తయారుచేసిందే వేలి ఒత్తిడిని బట్టి మెల్లగా, గట్టిగా పలికించడానికి. పియానో అన్న పేరుకి మూలమైన ఇటాలియన్ మాటలకి అర్థం కూడా అదే. ఆ ఒక్క గుణమూ లేని వాయిద్యం మీద ఆ విద్య నేర్పమంటే టీచరు మాత్రం ఏం చేస్తారు? అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి 88 బరువు మెట్లున్న డిజిటల్ పియానో చక్కగా సరిపోతుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కవాళ్ళ గొడవా ఉండదు. పియానోలు అద్దెకిచ్చే షాపులు కూడా ఉన్నాయి. 'ఉచితంగా ఇస్తాం, వచ్చి పట్టుకెళ్ళండి' అని కనబడే పాత పియానోలతో మాత్రం జాగ్రత్త. లోపల సుమారు 230 తీగలుంటాయి. అవి బిగువు నిలబెట్టుకోలేని స్థితిలో ఉంటే, తెచ్చుకునే ఖర్చు, శ్రుతి చేయించే ఖర్చు, చివరికి పారేయించే ఖర్చు మీదే. తెచ్చుకునే ముందు ఒక ట్యూనర్‌ని పంపి చూపించండి.

టీచరు వారానికి ఒక్క అరగంట. మిగిలిన ఆరు రోజులూ ఇల్లే బడి. ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నాయన జపాన్‌కి చెందిన షినిచి సుజుకి, 1898 నుంచి 1998 దాకా దాదాపు నూరేళ్ళు బతికిన వయొలిన్ గురువు. జపాన్ పిల్లలందరూ జపనీస్ భాష ఇంత చక్కగా ఎలా మాట్లాడగలుగుతున్నారు అని ఆయనకి ఆశ్చర్యం వేసిందట. అది అందరికీ తెలిసిన విషయమే, ఆశ్చర్యపడింది మాత్రం ఆయన. రోజూ వినడం వల్ల, అమ్మ పక్కనుండటం వల్ల, తప్పు మాట్లాడినా ఎవరూ తిట్టకపోవడం వల్ల భాష వస్తోంది కాబట్టి సంగీతం కూడా అలాగే రావాలని ఆయన తన పద్ధతికి మాతృభాషా పద్ధతి అని పేరు పెట్టారు. అందులో అమ్మో నాన్నో పాఠంలో కూర్చోవాలి, ఇంట్లో రోజూ ఆ పాటలు వినిపించాలి. మీ టీచరు సుజుకి పద్ధతి చెప్పినా, ఫేబర్, ఆల్ఫ్రెడ్, బాస్టియన్ పుస్తకాల్లో ఏది చెప్పినా, ఆ పక్కన కూర్చోవడం మాత్రం అన్నిటికీ పనికొస్తుంది. మన పిల్లల తెలుగు కూడా ఇంట్లో మాట్లాడే ఇళ్ళల్లోనే నిలుస్తోందని మొదటి తరగతి టీచరుగా నేను సాక్ష్యం చెప్పగలను. ఆరేళ్ళ పిల్లకి రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. వంటింట్లోంచి "ప్రాక్టీస్ చేశావా?" అని అరవడం, పక్కన కూర్చోవడం కిందికి రాదు.

పక్కన కూర్చోవడానికి మీకు సంగీతం రానక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలు ఈ పనికి మహా దివ్యంగా పనికొస్తారు. వాళ్ళకి తీరికా ఉంటుంది, ఓపికా ఉంటుంది. పైగా పియానో పరాయిదని మనం అనుకుంటాం గానీ, పద్యనాటకాలు చూసిన తాతయ్యకి ఆ మెట్లు పాత చుట్టాలే. మన హార్మోనియానికి ఉన్నవీ అవే మెట్లు. మన గాయకులు 'ఒకటిన్నర శ్రుతి', 'ఆరు శ్రుతి' అని చెప్పేదంతా ఆ మెట్ల లెక్కే. సి అంటే ఒకటి, డి రెండు, ఇలా తెల్లమెట్లకి ఏడు దాకా పూర్తి అంకెలు, మధ్యలో వచ్చే నల్లమెట్లకి 'న్నర'లు.

పిల్లలూ, ఇక్కణ్ణించి మీకు. పియానో దగ్గరికి వెళ్ళి నల్లమెట్లు చూడండి. రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడు ఉన్న గుంపులో ఎడమవైపు మొదటిదాన్ని 'స' అనుకోండి. దాని పక్కది 'రి', మూడోది 'గ'. కుడివైపుకి జరిగితే రెండు ఉన్న గుంపు వస్తుంది, అవి 'ప', 'ద'. తర్వాత మళ్ళీ మూడు గుంపులో మొదటిది పై 'స'. వరసగా వాయించండి. అది మోహన రాగం! మీ తాతయ్య భాషలో చెప్పాలంటే నాలుగున్నర శ్రుతిలో మోహనం. తెల్లమెట్లు సి నుంచి సి దాకా వాయిస్తే వచ్చేది శంకరాభరణం మెట్లు, మీ టీచరు దాన్నే సి మేజర్ అంటారు. ఇంకో తమాషా చెప్పనా? మీరు ఇక్కడి స్కూల్లో పాడే 'మై కంట్రీ టిస్ ఆఫ్ దీ' పాట బాణీ ఉంది చూశారూ, అది ఇంగ్లండు రాజుగారి పాట బాణీయే. ముత్తుస్వామి దీక్షితులవారు ఆ బాణీకే సంస్కృతంలో 'సంతతం పాహిమాం' అని కీర్తన రాశారు. దీక్షితులవారు 1835లోనే పోయారు. అంటే ఆ వరస రెండు వందల ఏళ్ళ కిందటే మన సంగీతంలోకి వచ్చేసింది. ఈసారి మీ టీచరు ఆ పాట ఇస్తే ఈ కథ ఆవిడకి చెప్పండి.

పెద్దవాళ్ళకి ఒక మాట మళ్ళీ. పియానో మీద మోహనం మెట్లు పలుకుతాయి గానీ గమకం పలకదు, ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారడానికి అక్కడ దారి లేదు. కాబట్టి 'పియానో నేర్పిస్తున్నాం కదా, ఇంక కర్ణాటక సంగీతం ఎందుకు' అన్న వాదన నిలవదు, దాని తిరగేసిన వాదన కూడా నిలవదు. పిల్లకి ఏది ఇష్టమో అది నేర్పండి. రెండూ ఇష్టమైతే రెండూ. నాకు చిరాకు తెప్పించేది, పియానో పాఠానికి ఆదివారం పది గంటల వేళ దొరికిందని తెలుగు బడి మాన్పించేయడం. టీచర్లు పాత విద్యార్థులకి ముందు వేళలు ఇస్తారు, కొత్తవాళ్ళకి మిగిలినవి. ఆగస్టు చివర్లో ఫోన్ చేస్తే ఆ మిగిలినది ఆదివారం పదే అవుతుంది మరి! మే, జూన్ నెలల్లోనే అడిగి పెట్టుకుంటే వారం మధ్యలో సాయంత్రం దొరికే అవకాశం ఎక్కువ. 2020లో కోవిడ్ వచ్చాక కంప్యూటర్ ముందు పాఠాలు కూడా మామూలయ్యాయి. పెద్ద పిల్లలకి ఆ పద్ధతి నడుస్తుంది. భుజం మీద చెయ్యి వేసి 'వదులు చెయ్యి తల్లీ' అని చెప్పవలసిన వయసు పిల్లలకి మాత్రం టీచరు పక్కన ఉండాల్సిందే. వయసంటే అయిదు నుంచి ఏడు మధ్య ఎప్పుడైనా సరే. కుడి ఎడమలు తెలిసి, ఇంగ్లీషు అక్షరాల్లో మొదటి ఏడూ చెప్పగలిగి, పది నిమిషాలు ఒకచోట కూర్చోగలిగితే మొదలుపెట్టవచ్చు. కూర్చోలేకపోతే ఒక ఏడాది ఆగండి, మునిగిపోయేదేం లేదు.

టీచర్ని మార్చనే కూడదని నేను అనడం లేదు. ఒక దశ తర్వాత మంచి టీచర్లే స్వయంగా, "ఇక మీ పాపకి నేను చెప్పగలిగింది అయిపోయింది, ఫలానా ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళండి" అని చెబుతారు. మా ఇంట్లో అలాగే జరిగింది. కొత్త టీచరు మా అమ్మాయి చెయ్యి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి మొదట ఎవరు చెప్పారు?" అని. నేను పేరు చెప్పగానే ఆవిడ తలూపి నేరుగా కొత్త పుస్తకం తీశారు.

ఇంకొక్క చిన్న విషయం. ట్రయల్ పాఠానికి వెళ్ళే ముందు రోజు రాత్రి పిల్లల గోళ్ళు కత్తిరించండి. గోళ్ళు పొడుగ్గా ఉంటే వేళ్ళు వంచి పెట్టడం కుదరదు, ఆ అరగంటలో పది నిమిషాలు దానికే పోతాయి.